మోకు కొరికే దెయ్యం

పొద్దుగూకాక గిలక గది వైపు పోవద్దని ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పోయేవాడే ఉండడు. కొండ అంచున, లోయలోకి తొంగిచూస్తున్నట్టు ఉండే ఒంటి గది అది. లోపల మనిషెత్తు గిలక. ఆ గిలక మీంచి తొడంత లావు మోకు బయల్దేరి, లోయ దాటి, అవతలి కొండ మీది ఇంకో గిలక దాకా పోతుంది. ఆ మోకుకు వేలాడే బుట్టలో కూర్చుని ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు. ఇది కాకుండా ఇంకో దారి లేదా అంటే ఉంది, కొండ దిగి, లోయ చుట్టి, అయిదు రోజుల నడక, అదీ కాళ్లు గట్టిగా ఉన్న కుర్రాళ్లకే.

ఆ లోకంలో చంద్రుళ్లు ఇద్దరు. పెద్దవాడు పొద్దుగూకగానే వస్తాడు. చిన్నవాడు బద్ధకస్తుడు, తెల్లారబోతుండగా వస్తాడు. పెద్దవాడు దిగిపోయి చిన్నవాడు ఎక్కేలోపు ఓ జాముసేపు కన్ను పొడుచుకున్నా కానరాదు. దాన్ని నడిమి చీకటి అంటారు. దెయ్యం వచ్చేది ఆ నడిమి చీకట్లోనే. ముందు రెక్కల చప్పుడు... ఆ తర్వాత కరకర... కరకర... తెల్లారి వెళ్లి చూస్తే మోకు తెగి లోయలో వేలాడుతూ ఉంటుంది.

ఒకప్పటి ముసలమ్మలు దాన్ని లోయ కాపరి అనేవాళ్లట. మోకులు తెగడం మొదలయ్యాక ఆ పేరు పోయింది, దెయ్యం అనే పేరు మిగిలింది. టపా మోసేవాడి సంగతైతే ఇప్పటికీ గుసగుసగానే చెప్పుకుంటారు. పొద్దుపోయి నడిమి చీకట్లో బుట్టెక్కాడు పాపం. పావు దారి పోయాడో లేదో, వెనకనించి ఏదో బుట్టని పట్టుకుని, ఈడ్చుకొచ్చి, ఎక్కినచోటే కుదేసింది. ఒంటి మీద గీత కూడా పడలేదు. అయినా ఆ మర్నాడే టపా సంచి అప్పగించేసి మేకలు కాచుకోవడం మొదలుపెట్టాడు. మేకలకి రెక్కలుండవు కదా అంటాడు.

సరే, ఇది తాళ్ల మేస్త్రీ కథ. ఆ మోకులు పేనేది ఆయనే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. వాళ్ల నాన్న పేనిన మోకు పదేళ్లు నిలిచింది. ఈయన మొదటి మోకు నాలుగేళ్లకి తెగింది. రెండోది రెండేళ్లకి, మూడోది ఏడాదికి. ఊళ్లో ఎవరైనా నోరు తెరవబోతే ఈయనే ముందు అందుకునేవాడు. "దెయ్యం నామీద పగబట్టింది. మా నాన్న మీద లేదు, నామీదే. మోకు ఎంత బాగుంటే దానికి అంత కడుపుమంట!"

ఆ కడుపుమంటకి మందు కూడా ఆయనే కనిపెట్టాడు. తారు. వాళ్ల నాన్న మోకుని ఎండలో ఆరబెట్టి ఉత్తదే కట్టేవాడు. ఈయన దానికి తారు పూసి నిగనిగలాడించాడు. మొదటి మోకు తెగాక రెండు పూతలు పూశాడు. మూడోది తెగాక మూడు పూతలు. తారు చేదుకి దెయ్యం పళ్లు పులవాలని ఆయన లెక్క.

ఆ మూడో మోకు తెగింది సరిగ్గా కూతురి పురిటి ముందు. అవతలి కొండ మీద పిల్లకి నెలలు నిండాయి. ఆయన భార్య మూటా ముల్లె కట్టుకుని, పొద్దున్నే మొదటి బుట్టలో పోదామని పడుకుంది. లేచి చూస్తే మోకు లేదు. మళ్లీ నార తెచ్చి, మూడు పేటల మోకు పేని, తారు పూసి కట్టేసరికి రెండు నెలలు. కట్టగానే గాలుల కాలం వచ్చిపడింది. గాలుల్లో బుట్ట నడపరు, కొండదారీ మూసేస్తారు. అలా అయిదు నెలలు. మంచులో, ముసుర్లో ఆ మోకు అలాగే నానుతూ ఉంది. మొత్తం ఏడు నెలలు. కూతురు కష్టమైన కాన్పుతో చచ్చి బతికిందని విన్నారు, మనవరాలు పుట్టిందని విన్నారు, అంతే. కళ్లతో చూసింది లేదు.

గాలులు తగ్గాయి. తెల్లారితే మొదటి బుట్ట. అందులో కూతురు చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని వస్తోంది.

ఆ సాయంత్రం మేస్త్రీ అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. భార్య గోడకి ఆనుకుని నిలబడింది.

"ఏమయ్యా, ఈసారన్నా నిలుస్తుందా నీ మోకు?"

"మోకుకేమే? బంగారం లాంటి మోకు. వచ్చిన తంటా అంతా ఆ దెయ్యంతోనే."

"దెయ్యంతోనో నీతోనో నాకు తెలీదు. పురిటి నొప్పుల్లో నా కూతురు అమ్మా అని అరిచి ఉంటుంది. నేనిక్కడ తెగిన తాడు ముక్క పట్టుకుని కూర్చున్నాను. రేపు కూడా అట్లాగే అయిందనుకో... ఇంక నీ మొహం నాకు చూపించకు."

ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే ఆయన కూడా నాలుగు అనేసి ఊరుకునేవాడే. మెల్లిగా అంది, అందుకని కంచం ముందునించి లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. మూలనున్న గొడ్డలి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

గిలక తిప్పేవాడు ఆయన బావమరిదే, భార్యకి తమ్ముడు. తోడొస్తానన్నాడు, వచ్చాడు కూడా. లాంతరు పట్టుకుని, దెయ్యాన్ని ఎట్లా పట్టాలో, పట్టాక ఎక్కడ కట్టెయ్యాలో దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు. పెద్ద చంద్రుడు కొండ మీద ఉన్నంతసేపూ బాగానే ఉన్నాడు. చంద్రుడు సగం మునిగేసరికి మాటలు తగ్గాయి. పూర్తిగా మునిగేసరికి...

"బావా... కడుపులో ఏదోలా ఉందే."

"దెయ్యం రాకముందే?"

"అది వేరు, ఇది వేరు. ఇప్పుడే ఇట్లా వెళ్లి అట్లా వచ్చేస్తాను."

వెళ్లడం మాత్రం చాలా చురుగ్గా వెళ్లాడు.

మేస్త్రీ ఒక్కడే మిగిలాడు. దెయ్యం బెదిరి పారిపోకూడదని లాంతరు ఒత్తి కందిగింజంత మిగిల్చి దించేశాడు. గొడ్డలి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఎడంచెయ్యి మోకు మీద వేశాడు. తాళ్లవాడికి కళ్లకన్నా చేతులు నయం. మోకు మీద ఈగ వాలినా ఆ చేతికి తెలుస్తుంది.

చీకటి. ఎదురుగా లోయ ఉందని తెలుసు, కనిపించదు. కిందనించి చల్లటి గాలి చెమ్మ చెమ్మగా మొహానికి తగులుతోంది. ఎక్కడో రాయి దొర్లింది... ఆగింది. తలుపు కిర్రుమంది. ఆయన లేచి తలుపు మూశాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచి తలుపు తీశాడు, మూసుంటే లోపల ఇంకెవరో ఉన్నట్టు అనిపించింది. కూతుర్ని తలుచుకున్నాడు. చంటిదాని మొహం తలుచుకుందామనుకున్నాడు, చూడని మొహం ఎట్లా వస్తుంది?

మోకు కదిలింది.

గాలికి అనుకున్నాడు. కాదు. గాలికైతే ఊగుతుంది. ఇది... కుంగింది. ఏదో బరువైంది వచ్చి మోకు మీద వాలింది.

టప్... టప్... తడి దుప్పటి దులిపినట్టు రెండుసార్లు వినిపించింది. తడిసిన గొర్రెబొచ్చు వాసన గదిలోకి వచ్చింది. ఆ వాసన దగ్గరవుతోంది. మోకు వెంట ఏదో నడిచి వస్తోంది. ఒక్కో అడుగూ ఆయన అరచేతికి తెలుస్తోంది... ఒకటి... ఇంకొకటి... గది ముందు, మనుషులు బుట్టెక్కే బల్ల చివర దాకా వచ్చి ఆగింది.

కరకర... కరకర...

మేస్త్రీకి ఒళ్లు మండింది. రెండు నెలలు అరచేతులు బొబ్బలెక్కేలా పేనిన మోకు! చప్పున ఒత్తి పెంచి లాంతరు ఎత్తాడు.

ఆవుదూడంత ఒళ్లు. ఒళ్లంతా తడి బొచ్చు. వీపు మీద మడతపెట్టుకున్న రెండు నల్లటి రెక్కలు. మొహం పిల్లిదంటే పిల్లిదే, కుక్కదంటే కుక్కదే. ముందుకాళ్లతో మోకుని వాటేసుకుని, పక్కకి తల వాల్చి కొరుకుతోంది. వెలుగు పడగానే ఆగి, ఆయన వంక చూసింది. పెద్ద పెద్ద కళ్లు. చూసి... మళ్లీ తన పనిలో పడింది.

"పోవే! పో!" అని అరిచాడు. గొంతు కీచుగా వచ్చింది.

అది పోలేదు. మేస్త్రీ గొడ్డలెత్తి బల్ల మీదికి ఉరికాడు. మొదటి దెబ్బ రెక్క మొదట్లో పడింది. అది మూలిగింది... అచ్చం మనిషి మూలిగినట్టే. రెక్క పక్కకి వేలాడిపోయింది. అయినా మోకు వదల్లేదు, తిరిగి మీదపడనూ లేదు. గబగబా, ఇంకా గబగబా కొరుకుతోంది, పని అయిపోకముందే ఎవరో పిలుస్తున్నట్టు.

"నా కూతురొస్తోందే! నా మనవరాలొస్తోందే! నీకేం పాపం చేశామే!"

రెండో దెబ్బకి చెయ్యెత్తాడు. మంచుకి తడిసిన బల్ల. కాలు జారింది. గొడ్డలి చేతిలోంచి ఎగిరి గదిలో పడింది. ఆయన మాత్రం గదిలో పడలేదు.

కింద ఏమీ లేదు. అరుద్దామన్నా ఊపిరి లేదు. అయిపోయింది అనుకున్నాడు. అంతలో మెడ వెనక చొక్కా బిగుసుకుంది. పైకి లేచాడు. గాల్లో ఒకసారి గిర్రున తిరిగాడు. పిల్లి తన కూనని నోట కరుచుకొచ్చి పెట్టినట్టు, అది ఆయన్ని మెడ దగ్గర చొక్కా పట్టుకుని తెచ్చి గది నడిమధ్యలో పెట్టింది. మెల్లిగానే పెట్టింది.

ఒక్క రెక్కతో అంత బరువు ఎట్లా మోసిందో ఏమో, దాని భుజంనించి రక్తం కారుతోంది. మేస్త్రీ నేల మీద కూర్చుని దానివైపు చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు తినేస్తుంది అనుకున్నాడు. అది ఆయన్ని పట్టించుకోలేదు. కుంటుకుంటూ వెళ్లి, మళ్లీ మోకుకి నోరు ఆనించింది. కొరకబోయింది. దవడ కదల్లేదు. ఇంకోసారి ప్రయత్నించి, బల్ల మీద అట్లాగే కూలబడింది. పడి కూడా తల మాత్రం మోకు వైపే పెట్టుకుంది.

పట్టుకుని బతికించినదాన్ని ఏమంటాం? దెయ్యమని ఎట్లా అంటాం? మేస్త్రీ లాంతరు పట్టుకుని, బల్ల మీద బోర్లా పడుకుని, పాక్కుంటూ దాని పక్కనించి మోకు దగ్గరికి పోయాడు. అంత కష్టపడి ఏం కొరుకుతోందో చూద్దామని.

పైన తారు రాయిలా ఉంది. అది కొరికిన చోట పెచ్చు ఊడి గుంట పడింది. గుంటలో వేలు పెట్టాడు. వేలు దిగింది. ఇంకా దిగింది. కణుపులు మూడూ దిగిపోయాయి. బయటికి లాగి లాంతరు దగ్గర పెట్టి చూశాడు. వేలినిండా తడితడిగా నల్లటి పొట్టు. నార లేదు. పేట లేదు. పురి లేదు. కుళ్లు వాసన గుప్పుమంది.

గదిలోకి పాకి గొడ్డలి తెచ్చుకున్నాడు. మొనతో ఇంకోచోట తారు పగలగొట్టాడు, అదే పొట్టు. గిలక దగ్గర పగలగొట్టాడు, అక్కడా అదే. ఇప్పుడర్థమైంది. మంచు తడి ఆరకముందే తారు పూశాడు. లోపలికి పోయిన తడి బయటికి వచ్చే దారి లేదు. లోపలే ఉండి నారని నమిలేసింది. ఒక పూతకి నాలుగేళ్లు, రెండు పూతలకి రెండేళ్లు, ఏడాది. మూడు పూతలకి అయిదు నెలలు! మోకు కుళ్లిన ప్రతిసారీ, ఎవరూ బుట్టెక్కకముందే వచ్చి ఇది తెంచేసి పోయింది. ప్రతిసారీ తాను దానికి మళ్లీ చేదు పూశాడు.

చిన్న చంద్రుడు కొండ మీదికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే మోకు ఒక్కసారి గుంజింది.

అది అవతలి గిలకవాడి సంజ్ఞ. మొదటి గుంజు అంటే బుట్టని అంచుకి తెచ్చామని. రెండో గుంజు అంటే మనిషి కూర్చుంది, వదిలేస్తున్నామని. గాలి లేవకముందే, చిన్న చంద్రుడి వెలుగులోనే మొదటి బుట్ట వదలడం అక్కడి పద్ధతి. అవతలి ఒడ్డు ఎత్తు, ఇవతలిది పల్లం. వదిలితే బుట్ట దానంతటదే జారి వచ్చేస్తుంది. ఇక్కడ గిలక ఆపినా ఆగదు.

"వద్దు! ఎక్కొద్దు! అమ్మాయీ, ఎక్కొద్దే!"

లోయ ఆ కేకని మింగేసింది. అవతల చిన్న వెలుగు ఒకటి అంచు వైపు కదులుతోంది. ఒళ్లో పిల్లతో కూతురు కూర్చోబోతోంది. బహుశా నవ్వుకుంటూ కూర్చుంటోంది.

గొడ్డలెత్తాడు. తన చేత్తో పేనిన మోకు. ఒక దెబ్బ... రెండో దెబ్బ... అంతే, తెగిపోయింది. మంచి మోకైతే ఇరవై దెబ్బలన్నా పట్టాలి. తెగిన కొస బుస్సుమంటూ లోయలోకి పోయింది.

ఆ తర్వాత చప్పుడు లేదు.

రెండో గుంజు వచ్చిందా? తాను గొడ్డలి ఎత్తినప్పుడు చెయ్యి మోకు మీద లేదు. వచ్చి ఉంటే తెలియదు. వచ్చి ఉంటే... మేస్త్రీ బల్ల మీద మోకాళ్ల మీద కూర్చుని అవతలి వెలుగు వంకే చూస్తున్నాడు. కనురెప్ప వేస్తే అది ఆరిపోతుందేమోనని భయం. ఎంతసేపు గడిచిందో ఆయనకే తెలియదు. అప్పుడు ఆ లాంతరు అటూ ఇటూ ఊగింది... ఆగింది... మళ్లీ ఊగింది. బుట్ట వదల్లేదు, అందరూ ఒడ్డునే ఉన్నారని దానికి అర్థం. మేస్త్రీ బల్లకి నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వెనకనించి కాళ్ల చప్పుళ్లు. మోకు తెగిన చప్పుడు ఊళ్లోకి వినిపించినట్టుంది. ముందు బావమరిది, చేతిలో ఇనప కడ్డీ. పదిమంది ఉన్నారు కాబట్టి కడుపులో ఇప్పుడేమీ లేదు. వెనక మేస్త్రీ భార్య, జుట్టు విరబోసుకుని పరుగెత్తుకొచ్చింది.

"పట్టేశావా బావా! అమ్మో, ఎంతుందో చూడు. మళ్లీ తెంచేసిందా? తప్పుకో, దీని సంగతి నేను చూస్తాను."

అంతా సిద్ధంగా ఉంది. ఔను అంటే చాలు. మోకు కొస లోయలో ఉంది, ఎవరూ దిగి చూడరు. రెండు దెబ్బల్లో దెయ్యం చస్తుంది, తన పేరు తన పేరుగానే ఉంటుంది. ఇన్నేళ్లూ ఔననే అన్నాడు కదా, ఇంకొక్కసారి అంటే ఏం పోయింది? మేస్త్రీ నోరు తెరిచాడు. ఆ జంతువు ఆయన వంక కూడా చూడటం లేదు, తెగిన మోకు మొదలు చూసి తృప్తిగా కళ్లు మూసుకుంది.

"ఒరేయ్, ఆ కడ్డీ కింద పెట్టు," అన్నాడు.

"ఏంటి బావా?"

"మోకు అది తెంచలేదు. నేను తెంచాను."

ఆయన గిలక మీద మిగిలిన మోకు ముక్క లాగి, పెచ్చు ఊడదీసి, ఆ పొట్టు గుప్పెట్లోకి తీసి అందరి ముందూ చెయ్యి చాపాడు. "చూడండి నా మోకు. పైన పటారం, లోన లొటారం. తారు పూసి కుళ్లబెట్టింది నేను. ఎవరూ చావకుండా తెంచుతూ వచ్చింది ఇది. ఇప్పుడు దీన్ని నరికింది కూడా నేనే."

బావమరిది కడ్డీ మెల్లిగా గోడకి ఆనించాడు. వెనకాల ఎవరో గొణిగారు, ఎవరో దగ్గారు. మేస్త్రీ భార్య మాత్రం కదల్లేదు. ఆ గుప్పెడు పొట్టు వంకే చూస్తోంది.

"కూతురు?" అంది.

"ఒడ్డునే ఉంది. లాంతరు ఊపారు. ఇద్దరూ క్షేమం."

ఆమె తలూపింది. మళ్లీ పొట్టు వంక చూసింది.

"మరి... పురిటప్పుడు తెగిందే. ఆ మోకు?"

"అదీ ఇట్లాగే ఉండుంటుంది. దానికి రెండు పూతలు పూశాను."

"ఆ పొద్దున మొదటి బుట్టలో ఎక్కాల్సింది నేనే కదయ్యా," అంది.

రాత్రంతా ఆయన కూతుర్ని తలుచుకున్నాడు, మనవరాల్ని తలుచుకున్నాడు. ఇది ఆయన బుర్రకి తట్టనే లేదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని, నిన్న సాయంత్రం గోడకి ఆనుకుని తనని నిలదీసిన మనిషిని, ఉన్నపళంగా కొత్తగా చూశాడు. నేల మీద కూర్చుండిపోయాడు.

ఆమె ఆయన్ని లేపలేదు. నేరుగా బల్ల మీదికి వెళ్లి, ఏడు నెలలుగా పొద్దున లేస్తూనే తిట్టిన దాని తలని ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. భుజం దగ్గర రక్తాన్ని తమ్ముడి తలగుడ్డతో అదిమి కట్టింది. దాని పెదవి పైకెత్తి చూసింది. పళ్లు రెండు విరిగిపోయి ఉన్నాయి. మిగతావాటి సందుల్లో, చిగుళ్ల మీద, తారు గడ్డలు గడ్డలుగా అంటుకుపోయి ఉంది. కింది చిగురు వాచి పుండైంది.

"గిలకకి పూసే నూనె ఇటు తేరా," అంది తమ్ముడితో.

నూనెలో వేలు ముంచి, ఆ నోట్లో పెట్టి, ఒక్కో పంటి మీది తారు మెల్లిగా గోకడం మొదలుపెట్టింది.

"ఇంకొంచెం నోరు తెరువు తల్లీ," అంది.